రిజిస్టర్ల లేని చెయ్యి

నీ నౌకరి ఏందని ఎవరన్న అడిగితే పర్సనల్ ఆఫీసర్ అని చెప్పేటోణ్ణి. పటాన్‌చెరు, బొల్లారం, గుమ్మడిదల, ఆఖరికి హత్నూర దిక్కు, నాలుగు ఫ్యాక్టరీలల్ల ముప్పై ఏండ్లకు పైన చేసిన. హాజరు రాసుడు, జీతాల షీట్లు, గేట్ పాసులు, సెలవు చీటీలు, ఇవి ఎవరైన చేస్తరు. నాకు జీతం ఇచ్చింది వాటికి కాదు. మనిషికి దెబ్బ తగిల్తే ఆ దెబ్బ కంపెనీకి తగలకుంట చూసేటందుకు ఇచ్చిన్రు. చెయ్యి తెగినోళ్ళ దగ్గర సంతకం తీసుకునుడు, అదీ నా అసలు పని. ఆ పని నేను మస్తు మంచిగ చేసిన.

ఇప్పుడు మీరు ఎంబీఏలు చదివి, మెడల కార్డు ఏసుకొని, హెచ్ఆర్ అని పేరు పెట్టుకొని వస్తున్నరు. పేరు మారింది గని పని అదే. మీకు ట్రైనింగుల చెప్పని ముచ్చట్లు చెప్తా. నా ప్రమోషన్లు, నాకు కప్పిన శాలువాలు రాయను, అవి చదివి మీరు చేసేది ఏం లేదు. నాకు కోపంగ ఉన్నది. సగం యజమానుల మీద, సగం నా మీద. చదివేటప్పుడు జెర ఓర్చుకోండ్రి.

మొదటి గంట

దెబ్బ తగిలిన మొదటి గంటల్నే కథంతా అయిపోతది. తర్వాత వకీళ్ళు, కోర్టులు, ఇదంతా ఆ గంటల రాసిన కాయితాల మీద కొట్లాడుకునుడే.

నేను చూసిన రివాజు చెప్తా. షెడ్డుల మనిషి కేక పెడ్తడు. సూపర్‌వైజర్ ఉరికొచ్చి, మిషిన్ బంద్ చేసి, జేబులకెళ్ళి ఫోన్ తీస్తడు. డాక్టరుకు అనుకున్నరా? కాదు, టైమాఫీసుకు, అంటే నాకు. "సార్, ఒక మనిషికి జెర తగిలింది" అంటడు. వేళ్ళు కింద పడి ఉన్నా గట్లనే అంటరు. నేను మొట్టమొదలు అడిగే మాట, "కంపెనీ మనిషా, కాంట్రాక్టు మనిషా?" మనిషి ఎట్లున్నడు అని కాదు. థూ, ఇన్నేండ్లు అదే అడిగిన.

అంబులెన్సును పిలువరు, పిలిస్తే రికార్డయితది. కాంట్రాక్టర్ ఆటోనో, మేనేజర్ కారో వస్తది. కారైతే ముందుగాల సీటు మీద ప్లాస్టిక్ కవరు పరుస్తరు. తెలిసిన నర్సింగ్ హోముకు తీస్కపోతరు. ఎట్ల తగిలిందని అక్కడ అడిగితే, దెబ్బ తగిలినోడు నోరు తెరిచేలోపల మావోడే అందుకుంటడు, "ఇంటికాడ గడ్డి కోసే మిషిన్ల పడ్డది సార్" అని. ఊరి మనుషులు కదా, గడ్డి మిషిన్ అంటే అందరు నమ్ముతరు. మేం రాయించిన కాయితాలు చూస్తే మా దిక్కు గడ్డి మిషిన్లు తెంపినన్ని వేళ్ళు దేశంల ఏ గడ్డి మిషినూ తెంపలే.

చట్టం మాత్రం సాఫ్‌గ ఉన్నది. పనిల ఉండంగ, పని వల్ల దెబ్బ తగిల్తే పరిహారం ఇయ్యాలె. ఈఎస్ఐ బీమా ఉన్నకాడ ఈఎస్ఐ ఇస్తది, లేనికాడ యజమాని ఇయ్యాలె. కాంట్రాక్టర్ తెచ్చిన మనిషైనా సరే, అసలు యజమానిని అడుగొచ్చు. "నాకేం వద్దు" అని కార్మికుడు రాసిచ్చినా ఆ కాయితం చెల్లదు. రాజీ పడితే దాన్ని లేబర్ ఆఫీసుల రిజిస్టర్ చేయించాలె. చట్టాల పేర్లు మారుతుంటయి, కలుపుతుంటరు, విడదీస్తుంటరు. ఈ ముచ్చట మాత్రం మారలే. ఇదంతా నాకు నోటికి వచ్చు. నోటికి వచ్చు కాబట్టే ఎక్కడ తప్పించుకోవచ్చునో కూడ ఎరుక.

సుబ్బారావు సారు

అందరు బాసులు ఒక్క తీరు ఉండరు. నా మొదటి బాసు సుబ్బారావు సారు గుంటూరు దిక్కు మనిషి. సర్కారు ఫ్యాక్టరీ కోసమని ఈడికి వచ్చి, అక్కడ రిటైర్ అయినంక పటాన్‌చెరుల మా కంపెనీల పర్సనల్ మేనేజర్‌గ చేరిండు. మడత నలగని తెల్ల చొక్కా, చేతిల ఎప్పుడూ ఒక పెన్ను.

ఒకనాడు ఒడిశా నుంచి వచ్చిన ఒక మనిషి పాదం మీదకెళ్ళి డ్రమ్ముల ట్రాలీ పోయింది. నేను కొత్తగ చేరిన జోష్‌ల ఉన్న. తెల్ల కాయితం, సిరా ప్యాడ్ పట్టుకొని ఉరికిన. సుబ్బారావు సారు అప్పటికే ఆ మనిషి పక్కన నేల మీద కూసొని ఉన్నడు.

"ఏంటయ్యా అది?" అన్నడు.

"వేలిముద్ర కోసం సార్."

"అతనికి మంచినీళ్ళిచ్చావా?"

"లేదు సార్."

"వాళ్ళింటికి కబురు పెట్టావా?"

"లేదు సార్."

"మరి ఏం చేద్దామని వచ్చావు? ఆ కాగితం అవతల పారేసి ప్రమాదాల రిజిస్టర్ పట్రా."

తెచ్చిన. ఆ మనిషి హిందీల చెప్తుంటే సారు తన చేతితోని రాసిండు. ట్రాలీ బ్రేకు పని చేస్తలేదని, వారం కిందనే చెప్పిన అని ఆ మనిషి అన్నడు. నేను సారు చెవిల, "అది రాయకుండ్రి సార్, పెద్దసారు కోపం చేస్తడు" అన్న. సుబ్బారావు సారు పెన్ను ఆపి నా దిక్కు చూసిండు. "అతను ఏం చెబితే అది రాయాలయ్యా. నీకు నచ్చిందీ కాదు, నాకు నచ్చిందీ కాదు" అన్నడు.

ఆ మనిషికి రావాల్సింది వచ్చింది. సుబ్బారావు సారును మాత్రం ఏడాది తిరగకముందే సాగనంపిన్రు. "మీ ఆరోగ్యం మంచిగ ఉంటలేదు కదా సార్" అని ఎండీనే దండ ఏసి పంపిండు. ఆయన ఆరోగ్యానికి ఏం రోగం రాలే, నడుసుకుంట ఫ్యాక్టరీకి వచ్చేటోడు. ఆయన పోయిన తెల్లారి నుంచి ఆయన పని నేను చూసిన. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆయన రాసుడు. నేను నేర్చుకున్నది గట్ల రాసినోళ్ళకు ఏమైతదని. పెద్దల మాట సద్దిమూట అంటరు, నేను ఆ మూట విప్పకుంటనే పడేసిన.

యారాండ్ల పాసు

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తా.

హత్నూర దిక్కు ఒక రేకుల షెడ్డు ఫ్యాక్టరీల పని చేసిన, నా ఆఖరి నౌకరి. మందుల కంపెనీల డ్రమ్ములకు మూతలు కొట్టే ప్రెస్సు మిషిన్లు ఉండె. ఆ ఊరికి అప్పటికి ఈఎస్ఐ రాలే. అంటే చెయ్యి పోతే పరిహారం యజమాని జిమ్మేదారీనే.

ప్రెస్సుల మీద ఎక్కువ ఆడోళ్ళు ఉండేటోళ్ళు, చుట్టుపక్కల ఊర్లోళ్ళు, కాంట్రాక్టర్ మల్లేశం తెచ్చినోళ్ళు. వాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉండె. పాసు మనిషికి కాదు, ఇంటికి. అక్కకు పాసుంటే అక్క రానినాడు చెల్లె వస్తది, అత్తకు పాసుంటే కలుపు తీసే రోజులల్ల కోడలు వస్తది. తలకు టోపీ, మూతికి మాస్కు, అందరు ఒక్క తీరే ఉంటరు. గేటుకాడ వాచ్‌మన్ పాసు రంగు చూస్తడు, మొఖం చూడడు. ఇది అందరికి ఎరుకే. నాకైతే ఇంకా బాగ ఎరుక, ఎందుకంటే "ఎవరొస్తరో నాకు ఫికర్ లేదు, మిషిన్ మాత్రం ఖాళీ ఉండొద్దు" అని మల్లేశంకు చెప్పిందే నేను.

సత్తమ్మ, అనసూయ యారాండ్లు. అన్నదమ్ముల పెండ్లాలు, ఒక్క ఇంట్లనే ఉంటరు. పాసు అనసూయ పేరు మీద ఉండె. సత్తమ్మ పెద్దది, పొలం పని చూసుకునేది, నెలకు నాలుగైదు రోజులు అనసూయ పాసు మీద వచ్చేది. నన్ను చూస్తే, "ఏం సారు, నీ జీతం నాకిస్తే నేనే ఆఫీసు నడిపిస్త" అని మజాక్ చేసేది. నేను గూడ నవ్వేటోణ్ణి.

ఆ రోజు అనసూయ బిడ్డకు జెరమొచ్చి రాలే. మూడు నంబర్ ప్రెస్సు ఖాళీగ ఉన్నది. జీఎం సారు రౌండుకొచ్చి, ఖాళీ మిషిన్ చూసి నన్ను అందరి ముందట తిట్టిండు. నేనే అనసూయ ఇంటికి ఫోన్ చేసిన. "నువ్వు రాకుంటే మానె, సత్తమ్మను పంపు, జల్దీ" అన్న. సత్తమ్మ అన్నం తినేది సగంల విడిచిపెట్టి వచ్చిందట, తర్వాత తెలిసింది.

పగటి పన్నెండు కాకముందే ప్రెస్సు ఆమె కుడిచెయ్యి మీద పడ్డది. బొటనవేలు ఒక్కటి మిగిలింది. మిగతా నాలుగు పోయినయి.

ఆ మిషిన్లకు రెండు బటన్లు ఉంటయి. రెండు చేతులతోని రెండు ఒక్కసారే ఒత్తితేనే ప్రెస్సు దిగాలె, చేతులు లోపల ఉండొద్దని గట్ల పెట్టిన్రు. మూతలు జల్దీ పడాలని ఒక బటన్‌కు టేపు చుట్టి ఒక్క చేతితోని నడిపిచ్చేది. టేపు చుట్టింది మెయింటెనెన్సోళ్ళు, చుట్టమన్నది ప్రొడక్షనోళ్ళు, చూసి ఊకున్నది నేను. సత్తమ్మను నర్సింగ్ హోముల దింపి వాపస్ వచ్చేసరికి టేపు లేదు, బటన్ తుడిచి తళతళ మెరుస్తున్నది. నేనేం అడగలే.

నేను రాసిన కాయితం

నర్సింగ్ హోముల పేరు అడిగిన్రు. నేను పాసు చూసి "అనసూయ" అని చెప్పిన. వేరే పేరు చెప్తే గేటు లోపలికి ఎట్ల వచ్చిందని ఫ్యాక్టరీ ఇన్స్పెక్టర్ అడుగుతడు కదా. ఆ ఒక్క క్షణంల నాకు తట్టింది అదే. ఆమె పక్కన బెంచీ మీద చెయ్యికి చీర కొంగు చుట్టుకొని, "సారు, నా పేరు సత్తమ్మ" అన్నది. నేను, "ఊకో బిడ్డా, నేను చూసుకుంట" అన్న.

సాయంత్రం జీఎం సారు పిలిచిండు. హైదరాబాద్ మనిషి, మాట మస్తు మెత్తగ ఉంటది. "నర్సింలూ, పాసు ఎవరిదుంటే దెబ్బ వాళ్ళకే తగిలింది. గట్లనే కాయితం తయారు చెయ్" అన్నడు. నేను, "సార్, వేళ్ళు పోయింది వేరే ఆమెవి" అన్న. ఇగ చూడుండ్రి, ఆయన చాయ్ కప్పు కింద పెట్టి, "వేళ్ళ మీద పేరు రాసి ఉంటదా?" అన్నడు.

ఆ మాటకు లేచి రావాల్సింది. రాలే. ఇంటికి పోయి టేబుల్ ముందల కూసొని, నా జీవితంల అంత మంచిగ ఎప్పుడూ రాయలే అన్నట్టు రాసిన. అనసూయ అనే కార్మికురాలు తన అజాగ్రత్త వల్ల గాయపడ్డది, వైద్యం ఖర్చు కంపెనీ మానవత్వంతోని పెట్టుకున్నది, ఇంత మొత్తం పూర్తి పరిష్కారం కింద సంతోషంగ తీసుకున్నది, ఇకముందు ఏ హక్కూ అడుగదు. తులం బంగారం కూడ రాని పైసలకు అంత పొడుగు కాయితం. అనసూయను పిలిచి సంతకం పెట్టమన్న. "వేళ్ళు పోయింది మా అక్కయి కద సారు?" అన్నది. పాసు నీది, నీ పేరు మీదనే పైసలు వస్తయి, మీ అక్కకే ఇచ్చుకో, నీ నౌకరి గూడ పోదు అని చెప్పిన. పెట్టింది. ఆ కాయితం లేబర్ ఆఫీసుకు పంపలే, బీరువాల పెట్టి తాళమేసిన. చెల్లదని నాకు ఎరుక. కాని చెల్లదని వాళ్ళకు ఎరుక లేదు, మా ధైర్యమంత గదే.

పిల్లలూ, ఒక్కటి చెప్తా. ఇసొంటి కాయితం మిమ్మల్ని కూడ రాయమంటరు. "ఇదంతా మామూలే" అంటరు. సంతోషంగ అనే మాట రాసేముందు లేచిపోయి ఆ మనిషి చెయ్యి చూసి రండ్రి. నేను చూడలే. సత్తమ్మకు తర్వాత కుట్లు చీము పట్టినయి. కలుపు తియ్యరాదు, జడ ఏసుకోరాదు, అన్నం ఎడమచేతితోని తినుడు. పెండ్లిళ్ళకు పోతే బంతిల కూసోదట, నలుగురిల ఎడమచేతితోని తినుడు నామోషి అని. ఈ ముచ్చట నాకు అనసూయనే చెప్పింది, చానా ఏండ్లకు.

"రిజిస్టర్ల లేదు"

ఊర్ల ఎవరో చెప్తే సత్తమ్మ సంగారెడ్డికి పోయింది. అక్కడ ఒక వయసు చిన్న వకీలమ్మ దొరికింది, నా బిడ్డంత ఉంటది. రెండేండ్ల గడువు దాటకముందే పరిహారం కోసం లేబర్ ఆఫీసుల కేసేసిన్రు. కంపెనీకి నోటీసు వచ్చింది. జీఎం సారు నోటీసు నా టేబుల్ మీద ఏసి, "నువ్వే చూసుకోవాలె" అన్నడు.

నేనే చూసుకున్న. ముందుగాల అనసూయ ఇంటికి పోయిన. ఆమె మొగడు కుర్చీ ఏసిండు, చాయ్ పోసిన్రు. ఆ చాయ్ తాగుకుంటనే చెప్పిన, "నీ పాసు మీద వేరే మనిషిని పంపినవు, నీ పేరు మీద పైసలు తీసుకున్నవు. ఇది బయటికొస్తే మోసం కేసయితది. నోరు మూసుకొని ఉంటే నీ నౌకరి ఉంటది" అని. లోపలి అర్రల సత్తమ్మ ఉన్నదని నాకు ఎరుక. వినాలనే గట్టిగ చెప్పిన.

విచారణ నాడు అనసూయ రాలే. సత్తమ్మ ఒక్కతే వచ్చి, చెయ్యి కొంగుల దాచుకొని నిలవడ్డది. కంపెనీ తరఫు సాక్షి నేను. ప్రమాణం చేసిన. ఆఫీసర్ అడిగిండు, "ఈమె మీకు తెలుసా?"

మా పర్సనల్ వాళ్ళకు ఒక విద్య ఉన్నది. అబద్ధం చెప్పం, రిజిస్టర్ చెప్తం. "సార్, ఈ పేరు మా హాజరు రిజిస్టర్ల లేదు" అన్న.

సత్తమ్మ వెంటనే, "సారు నిన్ను అడిగిండు, రిజిస్టర్‌ను కాదు" అన్నది.

ఆఫీసర్ ఆమెను ఊకోమని, నా దిక్కు తిరిగి, "మీరు చెప్పండ్రి. రిజిస్టర్ సంగతి పక్కన పెట్టి, మీకు వ్యక్తిగతంగ తెలుసా?" అన్నడు.

నాకు ఇంక నాలుగేండ్ల సర్వీసు ఉన్నది. ఇంటి లోను నడుస్తున్నది. ఇవి సాకులు, నాకు ఎరుక. "తెల్వదు సార్" అన్న.

ఆమె ఏడువలే, తిట్టలే. "నన్ను ఫోన్ చేసి పిలిపిచ్చింది నువ్వే కద సారు" అన్నది, గంతే. దానికి సబూతు ఏం లేదు. ఆమె వేళ్ళు ఇంటికాడ గడ్డి మిషిన్ల పోయినయని మా వకీలు అన్నడు. కేసు కొట్టేసిన్రు. ఆ కంపెనీల సత్తమ్మ అనే మనిషి పని చెయ్యనే లేదు, వేళ్ళు పోయింది అనసూయకు, ఆమెతోని రాజీ అయిపోయింది. కాయితాలు అదే చెప్పినయి మరి. కాయితాలు రాసింది నేనే.

నేను ఓడని కేసులు

గోరుచుట్టు మీద రోకలి పోటు అంటరు కద, అది తర్వాత పడ్డది. కేసు గెలిచిన ఆర్నెల్లకు కాంట్రాక్ట్ మారింది. కొత్త కాంట్రాక్టర్ రికార్డులు చూసి, "ఈమెకు కుడిచేతి నాలుగు వేళ్ళు లేవు, ప్రెస్సు మీద ఎట్ల పెడ్తం?" అని అనసూయను వద్దన్నడు. తప్పు రాసింది మనమే అని చెప్తే అబద్ధం బయటవడ్తది. అందుకని వైద్యపరంగ అనర్హురాలు అని లెటర్ టైప్ చేసి సంతకం పెట్టి ఇచ్చిన. అనసూయ ఆ లెటర్ చేతిల పట్టుకొని, "సారు, నేను మంచిగనే ఉన్న కద?" అని అడిగింది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక ఫైలు తిరగేసుకుంట కూసున్న.

రిటైరైననాడు సభ పెట్టిన్రు. జీఎం సారు మైకు పట్టుకొని, "నర్సింలు ఉన్నన్ని రోజులు కంపెనీ ఒక్క పరిహారం కేసు కూడ ఓడిపోలే" అన్నడు. చప్పట్లు కొట్టిన్రు. అంతకు ముందు నెలనే ఇంకో రెండేండ్లు పొడిగించమని అర్జీ పెట్టుకున్న, ఇయ్యలే. కోపం ఉండె. కాని ఆ చప్పట్లు విన్నప్పుడు వచ్చిన కోపం వేరే. ఒక్కొక్క కేసూ మనసుల లెక్కవెట్టుకున్న. ఓడింది మేం కానప్పుడు, ప్రతిసారీ ఎవరో ఒకరు ఓడిన్రు కద. వాళ్ళల్ల చానా మంది మొఖాలు గూడ నాకు గుర్తుకు రాలే, సంతకాలే గుర్తుకొచ్చినయి.

కేసు కొట్టేసినప్పుడే వకీలమ్మ హైకోర్టుకు పోయింది. నేను రిటైరైనంక, మల్ల మొదలుకెళ్ళి విచారించమని కేసు సంగారెడ్డికి వాపస్ వచ్చింది. పేపర్ల పడలే, మల్లేశం చెప్పిండు. తెల్లారి వకీలమ్మ ఆఫీసుకు పోయి, "నేను నిజం చెప్తా" అన్న. ఆమె నన్ను కూసోమనలే. "అప్పుడు అబద్ధం చెప్పిన అని ఒప్పుకోవాల్సొస్తది, మీ మీద కేసు కావొచ్చు" అన్నది. కానియ్యి అన్న. "సత్తమ్మకు చెప్తా. ఆమె సరే అంటేనే" అన్నది. సత్తమ్మ సరే అన్నదట. ఆమె మాట వకీలమ్మ నాకు చెప్పింది: "నాకు ఆయన మీద నమ్మకం లేదు, కాని వేరే ఎవరున్నరు?"

సంగారెడ్డిల మల్ల

అదే గది, ఆఫీసర్ వేరే. జీఎం సారు ముందటి కుర్చీల కూసున్నడు. వకీలమ్మ అడిగింది, నేను అంతా చెప్పిన. ఇంటికొక పాసు, నేను చేసిన ఫోన్, నర్సింగ్ హోముల చెప్పిన పేరు, రాసిన కాయితం. పానం తేలికైతదనుకున్న. కాలే. కంపెనీ వకీలు లేచిండు, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద వకీలు.

"ఇంతకు ముందు ఇదే గదిలో ప్రమాణం చేసి ఏం చెప్పారు?"

"తెల్వదని."

"అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?"

"అప్పుడు."

"సర్వీసు పొడిగించమని అర్జీ పెట్టుకున్నారా?"

"పెట్టిన."

"ఇచ్చారా?"

"ఇయ్యలే."

ఆయన ఆఫీసర్ దిక్కు తిరిగిండు. "ప్రమాణం చేసి అబద్ధం చెప్పానని ఈయనే ఒప్పుకుంటున్నాడు. కంపెనీ మీద కోపం కూడా ఉంది. ఇట్లాంటి సాక్షి మాట మీద ఎట్లా నమ్మకం పెట్టుకుంటాం సార్?"

సాక్షిని గట్ల విరగ్గొట్టాలని కంపెనీ వకీళ్ళకు పాయింట్లు రాసిచ్చేది నేనే, ఎన్ని కేసులల్ల రాసిచ్చిననో. నేను అబద్ధం చెప్పిననాడు నా మాట చెల్లింది. నిజం చెప్పిననాడు చెల్లలే. జీఎం సారు నా దిక్కు చూసి కొంచెం నవ్విండు. సత్తమ్మ తల దించుకున్నది. ఆమె పరిహారం మల్ల నా నోట్లకెళ్ళే పోతున్నదని నాకు సమజయింది.

అప్పుడు ఎనుక బెంచీల కాడ ఒక ఆడమనిషి లేచింది. అనసూయ. ఆమె వస్తదని వకీలమ్మకు కూడ తెల్వదు. మొగడు కొంగు పట్టి గుంజుతున్నడు, ఇడిపిచ్చుకొని ముందటికి వచ్చింది.

"సారు, నేనే అనసూయను. గా కాయితంల వేళ్ళు పోయినయని రాసింది నాకే."

రెండు చేతులు పైకి లేపింది. వేళ్ళు వెడల్పుగ చాపి గట్లనే నిలవడ్డది.

"లెక్కవెట్టుండ్రి సారు" అన్నది.

ఆఫీసర్ ఆధార్ కార్డు తీసుకొని మొఖం చూసిండు, ఫోటో చూసిండు, నర్సింగ్ హోము కాయితం చూసిండు, మల్ల ఆ చేతులు చూసిండు. నేను ఇచ్చిన అనర్హురాలు లెటర్ కూడ ఆమె రవికెలకెళ్ళి తీసి టేబుల్ మీద పెట్టింది. పెద్ద వకీలు లేచి, "ఇది మోసం సార్, ఒకరి పాసు మీద ఇంకొకరు వచ్చారు, ఇద్దరి మీద పోలీసు కేసు పెడతాం" అన్నడు.

ఆఫీసర్ కండ్లద్దాలు తీసి, "పెట్టుకునేది ఉంటే పెట్టుకోండ్రి. ముందుగాల నాకు ఇది చెప్పుండ్రి. మీ మిషిన్ల పడ్డ నాలుగు వేళ్ళు ఎవరివి?" అన్నడు.

వకీలు జీఎం దిక్కు చూసిండు, జీఎం ఫోన్ దిక్కు చూసిండు.

ఆర్డర్ సత్తమ్మకే వచ్చింది. పరిహారం, ఆలస్యమైన ఏండ్లకు మిత్తి, కంపెనీ కట్టాలని. ఆర్డర్ల నా సాక్ష్యం గురించి ఒక్కటే వాక్యం రాసిన్రు, దాని మీద ఆధారపడలేమని. బరాబర్ రాసిన్రు.

కంపెనీ ఊకోలే. అదే వారంల అనసూయ మీద ఠాణాల ఫిర్యాదు ఇచ్చింది, వేరే మనిషిని తన పేరు మీద పనికి పంపి మోసం చేసిందని. ఇంటికొక పాసు మీద ఏండ్లకేండ్లు మూతలు కొట్టిచ్చుకున్న కంపెనీ! పిలిచినప్పుడల్ల పరుగెత్తి వచ్చిన ఇల్లు అది.

ఠాణాకు పిలిచిననాడు నేను కూడ పోయిన. మెట్లకాడ యారాండ్లు ఇద్దరు నిలవడి ఉన్నరు. సత్తమ్మ ఎడమచేతితోని అనసూయ భుజం పట్టుకొని ఉన్నది. నన్ను చూసి దండం పెట్టలే.

"సత్తమ్మా, నేను గూడ లోపలికి వస్త" అన్న.

"పైసలు వస్తున్నయి సారు, నాకు నీతోని ఇగ లొల్లి లేదు" అన్నది. "గని గానాడు నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే, మా చెల్లె ఇయ్యాల ఈ మెట్లు ఎక్కకపోవు."

ముందుగాల నేనే లోపలికి పోయి ఎస్సై ముందట నిలవడ్డ. ఫిర్యాదు కాయితం ఆయన చేతిల ఉన్నది, అనసూయ పేరు ఒక్కటే ఉన్నది దాంట్ల.

"సార్, ఆ పాసు మీద ఆ మనిషిని పిలిపిచ్చింది నేను" అన్న. "నా పేరు ముందు రాయుండ్రి."